ఒకే కర్ర, రెండు పీపాలు: ఇంటిగ్రేషన్‌తో ఘనపరిమాణం

పోయిన ఎపిసోడ్‌లో వక్రరేఖ కింద ఉన్న వైశాల్యం ఎలా కనుక్కోవాలో చూశాం కదా. ఈసారి ఆ వక్రరేఖని పట్టుకుని గిర్రున తిప్పుతాం. తిప్పితే వచ్చే వస్తువులో ఎన్ని లీటర్లు పడతాయో లెక్క కడతాం. బీటెక్ మొదటి సంవత్సరం ఎం-వన్‌లో చాలామందికి ఈ చాప్టర్ ఉంటుంది. సూత్రం ఒక్క లైనే, బట్టీ పట్టడం పెద్ద పనేం కాదు. కానీ ఆ లైన్‌లో స్క్వేర్ ఎక్కడ వెయ్యాలి అన్న దగ్గరే మార్కులు పోతాయి. అది అక్కడే ఎందుకు ఉండాలో ఒక్కసారి బొమ్మలో చూస్తే ఇక తడబడరు. పెన్నూ పేపరూ పక్కన పెట్టుకోండి. ఫోన్ అడ్డంగా తిప్పుకోండి, బొమ్మలు పెద్దగా కనబడతాయి.

ముందు ఒక బేరం కథ.

1613వ సంవత్సరం. ఆస్ట్రియాలో లింట్స్ అనే ఊరు. అక్కడ జోహాన్నెస్ కెప్లర్ ఉన్నాడు. అవును, ఫిజిక్స్‌లో మనం చదివే కెప్లరే. గ్రహాలు దీర్ఘవృత్తంలో తిరుగుతాయని అప్పటికే చెప్పేశాడు. మొదటి భార్య పోయాక ఆ ఏడాది అక్టోబరు 30న రెండో పెళ్లి చేసుకున్నాడు. ఆ సంవత్సరం అక్కడ ద్రాక్ష బాగా పండింది, వైన్ చవగ్గా దొరుకుతోంది. కొత్త సంసారం కదా, ఇంటికి కొన్ని పీపాలు కొనిపెట్టాడు. నాలుగు రోజులకి అమ్మినాయన వచ్చాడు, చేతిలో ఒక కొలత కర్ర. పీపా పొట్ట మీద నడుమ ఒక బెజ్జం ఉంటుంది. ఆ బెజ్జంలోంచి కర్రని ఏటవాలుగా దింపి, అవతలి మూల అంచుకి తగిలేదాకా తోశాడు. బెజ్జం దగ్గర కర్ర మీద ఏ గీత ఉందో చూసి, ఇంత వైన్ ఉంది అని ధర చెప్పేశాడు. పీపా పొట్టిదా, పొడుగుదా, పొట్ట ఎంత ఉబ్బింది, ఇవేవీ చూడలేదు. అన్నిటికీ అదే కర్ర, అదే గీత.

మనమైతే బంకులో మీటర్ వైపు చూసి, లోపల్లోపల గొణుక్కుని వచ్చేస్తాం. ఆయన దాని మీద పుస్తకమే రాశాడు. 1615లో లింట్స్‌లోనే అచ్చయింది. లాటిన్ పేరు 'నోవా స్టీరియోమెట్రియా డోలియోరం వినారియోరం'. వైన్ పీపాల ఘనపరిమాణం కొలిచే కొత్త పద్ధతి అని అర్థం.

ఆయన అనుమానం సరైందేనా? మనమే చూద్దాం. ప్రస్తుతానికి ఉబ్బు లేని పీపా అనుకోండి, ఆయిల్ డ్రమ్ములాగా. స్థూపం అన్నమాట. దాన్ని పడుకోబెట్టాం. పైన సరిగ్గా నడుమ బెజ్జం. కర్ర లోపలికి 1 మీటరు దిగింది, అంటే 100 సెంటీమీటర్లు. స్క్రీన్ మీద లంబకోణ త్రిభుజం కనబడుతోందా? ఒక భుజం డ్రమ్ము వ్యాసం. ఇంకో భుజం డ్రమ్ము పొడవులో సగం. కర్ణం మన కర్ర. పైథాగరస్ చాలు.

మొదటి డ్రమ్ము పొడవు 100 సెంటీమీటర్లు. సగం 50. వ్యాసం 86.6 వస్తుంది. పై ఆర్ స్క్వేర్ హెచ్ వేస్తే 589 లీటర్లు.

రెండో డ్రమ్ము సన్నగా, పొడుగ్గా. పొడవు 180. సగం 90. వ్యాసం 43.6 మాత్రమే. ఘనపరిమాణం 269 లీటర్లు.

చూశారా? కర్ర రెండింటిలోనూ సరిగ్గా 1 మీటరే దిగింది. ధర ఒకటే. లోపల సరుకు మాత్రం సగం కూడా లేదు. అనుమానం ఊరికే రాలేదు.

కానీ కెప్లర్ ఇంకో అడుగు ముందుకేశాడు, నాకు బాగా నచ్చేది ఈ భాగమే. కర్ర పొడవు మార్చకుండా ఉంచితే ఏ ఆకారంలో ఎక్కువ వైన్ పడుతుంది? మీకు మాక్సిమా మినిమా వచ్చు కాబట్టి రెండు నిమిషాల్లో చేస్తారు. పొడవు హెచ్ అయితే ఘనపరిమాణం 'పై బై 4' ఇంటూ '10000 హెచ్ మైనస్ హెచ్ క్యూబ్ బై 4'. డిఫరెన్షియేట్ చేసి సున్నాకి సమానం చెయ్యండి. హెచ్ 115.5 దగ్గర వస్తుంది. వ్యాసం 81.6. పొడవు, వ్యాసానికి రూట్ 2 రెట్లు. అప్పుడు 605 లీటర్లు, అంతకు మించి ఆ కర్రకి రాదు. ఆస్ట్రియా పీపాలు దాదాపు ఈ కొలతకి దగ్గరగానే ఉన్నాయని ఆయన గమనించాడు. ఇంకో సంగతి కూడా చూశాడు. పొడవు 115 బదులు 100 ఉన్నా 589 లీటర్లు, 130 ఉన్నా 590 లీటర్లు. పదిహేను సెంటీమీటర్లు అటూఇటూ అయినా పోయేది 15 లీటర్లే. గరిష్ఠం దగ్గర వక్రం చదునుగా ఉంటుంది, మనం డెరివేటివ్ సున్నా అనేది దాన్నే. అందుకే ఆ ఊళ్లో, ఆ పీపాలకి, ఆ కర్ర బాగానే పనిచేసింది. వేరే ఆకారం పీపా వస్తే మాత్రం పనిచెయ్యదు. పైగా కర్ర మీద గీతలు ఈ మంచి ఆకారానికి వేసినవైతే, ఆకారం ఎటు తప్పినా నష్టం కొనేవాడిదే. అమ్మేవాడికి ఎప్పుడూ నష్టం రాదు. గమ్మత్తుగా లేదూ?

సరే, ఇప్పుడు ఉబ్బు సంగతి. అసలు పీపా స్థూపం కాదు, నడుమ లావు, చివర్లు సన్నం. దీనికి పై ఆర్ స్క్వేర్ హెచ్ అంటే ఏ ఆర్ తీసుకోవాలి?

ఇక్కడే తిప్పడం అనే ఆలోచన పనికొస్తుంది. కుమ్మరి సారె గుర్తు తెచ్చుకోండి. చెయ్యి ఒక్కచోటే ఉంటుంది, మట్టి తిరుగుతుంది. చేతి ఒంపు ఎలా ఉంటే కుండ అలా వస్తుంది. ఏటికొప్పాక లక్కబొమ్మలు చూసే ఉంటారు. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ ఉలి ఆనిస్తారు. బొమ్మ గుండ్రంగా రావడానికి కారణం ఆ తిరగడమే. అంటే ఇలాంటి వస్తువు మొత్తాన్ని ఒక్క గీత చెప్పేస్తుంది. పీపాని పడుకోబెట్టి, మధ్యలోంచి ఎక్స్ అక్షం గీసుకుంటే, దాని పైఅంచు ఒక వక్రం. వై ఈక్వల్స్ ఎఫ్ ఆఫ్ ఎక్స్. ఆ వక్రం చెబితే పీపా చెప్పినట్టే.

ఇప్పుడు కీరా దోసకాయని చక్రాలు కోసినట్టు పీపాని అడ్డంగా కొయ్యండి. ప్రతి ముక్కా ఒక బిళ్ల. ఎక్స్ దగ్గర కోసిన బిళ్లకి వ్యాసార్ధం ఎంత? అక్షం నుంచి వక్రం దాకా ఎత్తు, అంటే వై. ముఖం వైశాల్యం పై వై స్క్వేర్. మందం డీఎక్స్. బిళ్ల ఘనపరిమాణం పై వై స్క్వేర్ డీఎక్స్. ఈ చివర నుంచి ఆ చివర దాకా అన్నీ కూడండి. ఆ కూడికే ఇంటిగ్రల్. మనం రాసే పొడుగాటి ఎస్ గుర్తు లైబ్నిజ్ 1675లో వాడటం మొదలుపెట్టాడు. కెప్లర్ పీపాలు కోసే నాటికి లైబ్నిజ్ గానీ న్యూటన్ గానీ ఇంకా పుట్టలేదు. గుర్తు లేకుండా, సన్నటి ముక్కలు ఊహించుకుంటూ ఆయన 92 రకాల ఘనాలని పరిశీలించాడు. కొన్నిటికి యాపిల్, నిమ్మకాయ అని పేర్లు కూడా పెట్టాడు.

మనం ఒక పీపా లెక్క నిజంగా చేద్దాం. పొడవు 90 సెంటీమీటర్లు. నడుమ వ్యాసార్ధం 40, చివర్లలో 30. అంచు ఒంపు పరావలయం అనుకుందాం. మధ్యలో ఎక్స్ సున్నా పెట్టుకుంటే వై ఈక్వల్స్ 40 మైనస్ 'ఎక్స్ స్క్వేర్ బై 202.5'. ఎక్స్ 45 పెట్టి చూసుకోండి, 30 వస్తుంది. దీన్ని వర్గం చేస్తే మూడు పదాలు. సున్నా నుంచి 45 దాకా ఒక్కో పదం ఇంటిగ్రేట్ చేస్తే మొదటిది 72000, రెండోది మైనస్ 12000, మూడోది 900. మొత్తం 60900. రెండు వైపులా కాబట్టి రెట్టింపు, 121800. పై తో గుణిస్తే సుమారు 382600 ఘన సెంటీమీటర్లు. అంటే 383 లీటర్లు.

ఇప్పుడు షార్ట్‌కట్ సంగతి చూద్దాం. 40కీ 30కీ సగటు 35 కదా, 35 పెట్టి పై ఆర్ స్క్వేర్ హెచ్ వేసేద్దాం అని చాలామందికి అనిపిస్తుంది. వస్తుంది 346 లీటర్లు. 36 లీటర్లు మాయం. ఎందుకంటే పీపాలో ఎక్కువ భాగం 40కి దగ్గరగా ఉంది, 30 చివర్లలోనే. సరే, అసలైన సగటు వ్యాసార్ధమే కనుక్కుందాం, వైని ఇంటిగ్రేట్ చేసి 90తో భాగిస్తే 36.67. దాన్ని పెడితే 380 లీటర్లు. దగ్గరికొచ్చింది గానీ, ఇంకా తక్కువే. ఎందుకు?

ఆగి చూడాల్సింది ఇక్కడే. 1, 3 తీసుకోండి. సగటు 2, దాని వర్గం 4. ఇప్పుడు ముందే వర్గాలు చెయ్యండి: 1, 9. వాటి సగటు 5. వర్గం చేసి కూడటం వేరు, కూడి వర్గం చెయ్యడం వేరు. బిళ్ల వైశాల్యం వ్యాసార్ధం వర్గంతో పెరుగుతుంది కాబట్టి లావు బిళ్లలకి వాటి వంతుకన్నా ఎక్కువ బరువు పడుతుంది. అందుకే స్క్వేర్ ఇంటిగ్రల్ లోపల ఉండాలి. పీపాకి తేడా రెండున్నర లీటర్లే, శంఖువుకి చూడండి. వ్యాసార్ధం సున్నా నుంచి ఆర్ దాకా తిన్నగా పెరుగుతుంది, సగటు ఆర్ బై 2. బయట వర్గం చేస్తే స్థూపంలో నాలుగో వంతు వస్తుంది. శంఖువు మూడో వంతు అని స్కూలు పిల్లల్ని అడిగినా చెప్తారు. పరీక్షలో స్క్వేర్ ఎక్కడ పెట్టాలో సందేహం వస్తే శంఖువు మీద వేసి చూసుకోండి, పది సెకన్ల పని.

గోళం అయితే వై స్క్వేర్ ఈక్వల్స్ ఆర్ స్క్వేర్ మైనస్ ఎక్స్ స్క్వేర్, నేరుగా 4/3 పై ఆర్ క్యూబ్ వచ్చేస్తుంది. ఇంత తేలిగ్గా వచ్చేదాని కోసం జనం ఎంత తిప్పలు పడ్డారో. ఆర్యభటుడు 499లో ఇచ్చిన సూత్రం ప్రకారం గోళం దాదాపు 5.57 ఆర్ క్యూబ్. అసలుది 4.19. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు 'గణితసారసంగ్రహం'లో ఉజ్జాయింపుగా నాలుగున్నర, సూక్ష్మంగా అందులో పదింట తొమ్మిది వంతులు, అంటే 4.05 అని ఇచ్చాడు. చాలా దగ్గరికొచ్చాడు. మన పావులూరి మల్లన తెలుగు చేసింది ఆ పుస్తకాన్నే. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు సరైన సూత్రం ఇచ్చాడు. ఆర్కిమెడీస్‌కి క్రీస్తు పూర్వమే తెలుసు. స్థూపంలో సరిగ్గా ఇమిడే గోళం దానిలో మూడింట రెండు వంతులు అన్నది ఆయనకి ఎంత ఇష్టమంటే, ఆ బొమ్మే సమాధి మీద చెక్కించారు.

ఇక బోలు వస్తువులు. బోరు మోటార్లో వాషర్ చూశారు కదా, మధ్యలో బెజ్జం. రెండు వక్రాల మధ్య ప్రాంతాన్ని తిప్పితే ప్రతి ముక్కా వాషరే. పెద్ద వృత్తం వైశాల్యంలోంచి చిన్న వృత్తం వైశాల్యం తీసెయ్యాలి. పెద్ద ఆర్ స్క్వేర్ మైనస్ చిన్న ఆర్ స్క్వేర్. తేడా తీసి వర్గం చెయ్యకూడదు. వై ఈక్వల్స్ ఎక్స్, వై ఈక్వల్స్ ఎక్స్ స్క్వేర్, సున్నా నుంచి 1 దాకా, ఎక్స్ అక్షం చుట్టూ. సరిగ్గా చేస్తే పై ఇంటూ 1/3 మైనస్ 1/5, అంటే 2 పై బై 15. తేడాని వర్గం చేసినవాళ్లకి పై బై 30. సరిగ్గా నాలుగో వంతు. బెజ్జం ఉన్న వాషర్ని పగలగొట్టి, అందులో రేకు వెడల్పే వ్యాసార్ధంగా చిన్న బిళ్ల చేసినట్టు అవుతుంది అది.

వై అక్షం చుట్టూ తిప్పితే? అడ్డంగా కొయ్యడం కష్టమైతే ఉల్లిపాయలాగా పొరలు ఒలవండి. ఒక్కో పొర ఒక గొట్టం. దాన్ని నిలువుగా కోసి పరిస్తే రేకు: పొడవు 2 పై ఎక్స్, ఎత్తు వై, మందం డీఎక్స్. అంతే. గొట్టాల పద్ధతికి ఇంతకన్నా చెప్పేదేం లేదు, లెక్కలు చేస్తే వస్తుంది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. గారె. మధ్యలో చిల్లు ఉన్న గారె అన్నమాట. చిన్న వృత్తాన్ని దూరంగా ఉన్న అక్షం చుట్టూ తిప్పితే వచ్చేది ఈ ఆకారమే. గాజు, సైకిల్ ట్యూబు కూడా అంతే. వాషర్ పద్ధతిలో చేస్తే రూట్‌లు వచ్చి విసుగు పుడుతుంది. కెప్లర్ దీన్ని పిజ్జా కోసినట్టు నడుమ నుంచి సన్నటి ముక్కలు కోశాడు. ప్రతి ముక్కా లోపలివైపు సన్నం, బయటివైపు మందం. లోపల తగ్గిందీ బయట పెరిగిందీ సరిపోతాయి, కాబట్టి ప్రతిదానికీ మధ్య మందమే తీసుకుంటే చాలు. అన్నిటినీ వరసగా పేర్చితే తిన్నని స్థూపం. దాని పొడవు నడిమి వృత్తం చుట్టుకొలత. కండ వ్యాసార్ధం 1 సెంటీమీటరు, నడుమ నుంచి కండ మధ్యకి రెండున్నర అయితే, పై ఇంటూ 1, ఇంటూ 2 పై ఇంటూ 2.5. సుమారు 49 ఘన సెంటీమీటర్ల గారె. ఒక్క ఇంటిగ్రల్ కూడా రాయలేదు, గమనించారా?

చివరగా, మీరు ఇంట్లో చేసేది. పీపా అంచు ఏ వక్రమో ఎవరూ సమీకరణం రాసి ఇవ్వరు. బిందెకీ అంతే. అప్పుడేం చేస్తాం? మూడు చోట్ల వైశాల్యం తీసుకోండి. అడుగు, నడుమ, పైన. నడిమిదానికి నాలుగు రెట్లు, రెండు చివర్లకి ఒక్కో రెట్టు, కూడి, ఆరుతో భాగించి, ఎత్తుతో గుణించండి. మనం సింప్సన్ రూల్ అని చదువుకుంటాం. జర్మనీలో దీన్ని కెప్లర్ పీపా సూత్రం అంటారు. మన 383 లీటర్ల పీపా మీద వేస్తే 386 వస్తుంది. మూడే మూడు కొలతలతో.

నేను మా ఇంట్లో స్టీలు బిందెని కొలిచాను. లోపల వ్యాసార్ధం కొలవడం కుదరదు, దారం చుట్టి చుట్టుకొలత తీసుకుంటే సరి. చుట్టుకొలత వర్గాన్ని 12.57తో భాగిస్తే వైశాల్యం వచ్చేస్తుంది. అడుగున 50 సెంటీమీటర్లు, నడుమ 94, మెడ దగ్గర 44. అడుగు నుంచి మెడ దాకా ఎత్తు 24. వైశాల్యాలు 199, 703, 154. లెక్క కడితే 12.7 లీటర్లు. తర్వాత లీటరు సీసాతో మెడ దాకా నీళ్లు పోశాను. పన్నెండు సీసాలు పూర్తిగా పట్టాయి, పదమూడోది సగం దాకా వచ్చింది. స్టీలు మందం కొంత, అడుగున సొట్ట కొంత.

మీ ఇంట్లో చెంబో, కుండో, కూజానో తీసుకోండి. మూడు చుట్టుకొలతలు, ఒక ఎత్తు. ముందు లెక్క కట్టి పేపర్ మీద రాసుకోండి, ఆ తర్వాతే నీళ్లు పొయ్యండి. కూజా మెడ పొడుగ్గా ఉంటే మెడనీ పొట్టనీ విడివిడిగా కొలవాలి, రెండింటినీ కలిపి ఒకే వక్రంగా తీసుకుంటే సూత్రం దెబ్బతింటుంది. ఎంత దెబ్బతింటుందో కూడా ఒకసారి చేసి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇదే వక్రాన్ని తిప్పి, ఈసారి లోపలి ఘనపరిమాణం కాకుండా పైతొడుగు వైశాల్యం కనుక్కుందాం. అక్కడ వై ఈక్వల్స్ 1 బై ఎక్స్ అనే ఒక బాకా వస్తుంది. 1 నుంచి అనంతం దాకా తిప్పితే లోపల పట్టేది సరిగ్గా పై ఘనపు యూనిట్లు. దానికి రంగు వెయ్యాలంటే మాత్రం ఎంత రంగూ చాలదు. పై ఘనపు యూనిట్లు అన్నది ఈరోజు చెప్పిన బిళ్లల పద్ధతితోనే వస్తుంది, ఈలోపు చేసి పెట్టుకోండి.